ఇంటికొక్క కట్టె

లింబయ్య కట్టెను చేతిల పట్టుకుంటే చాలు, అది ఎవరింటిదో చెప్పేటోడు. నేను మస్తుసార్లు పరీక్ష పెట్టిన. మోపుల నుంచి ఒకటి గుంజి ఇస్తే ఇటు తిప్పి అటు తిప్పి, బొటనవేలుతోని బెరడు గీకి, "ఇది వడ్ల ఆత్మారాం ఇంటిది. చెక్కి చెక్కి ఇచ్చిండు సూడు, వడ్లోని చెయ్యి ఊకుంటదా" అనేటోడు. ఇంకొకటి ఇస్తే వాసన చూసి, "మామిడి. గౌండ్లోళ్ల పెరట్ల గాలికి ఇరిగిన కొమ్మ" అనేటోడు. ఒక్కసారి గూడ తప్పలే. మా ఇంటిదైతే చూడకుంటనే చెప్పేటోడు. ఎందుకంటే మా అవ్వ పీనాసిది, ఏ ఏడైనా మూరెడు తుమ్మ కట్టెనే ఇచ్చేది.

ఆయన పోయినేడు దసరకు ముందు సచ్చిపోయిండు. ఎన్నేండ్లున్నయో ఆయనకే ఎరుక లేదు, అరవై దాటకపోవచ్చు. ఎండకాలం చెరువు మట్టి తవ్విండు, చలికాలం చెరుకు కొట్టిండు, ఎవరింట్ల ఎద్దు చస్తే ఈడ్చిండు, సావుకైనా పెండ్లికైనా డప్పు కొట్టిండు. గిసొంటి ముచ్చట్లకు ఎవరు ఒక మనిషి పేరు యాదికి పెట్టుకోరు. గని ఆయన ఏండ్లకేండ్లు చేసిన ఒక పని మా ఊళ్లె ఇంకెవరు చేయలే, ఇగ చేయరు గూడ. అది ఆగిపోవుట్ల నా చెయ్యి ఉన్నది. అందుకే రాస్తున్న.

మా ఊరు గట్లకుంట. బోధన్‌ల బస్సు దిగి చెరుకు తోటల నడుమ ఆరు మైళ్లు నడువాలె. నూట పన్నెండు ఇండ్లు. అండ్ల ముస్లింల ఇండ్లు నాలుగే. గని మొహర్రం నెలల పీర్లు లేస్తే పండుగ ఊరందరిది. పీర్ల కొట్టం ముందర మనిషంత పొడుగు గుంత తవ్వుతరు, దాన్ని అలావ అంటరు. తొమ్మిదో దినం పొద్దుమూకంగ అండ్ల కట్టెలు పేర్చి అంటిస్తరు. తెల్లారి, పొద్దు పొడిచినంక, నిప్పులను సాపు చేస్తరు. పెద్దపీరును ఎత్తుకున్నాయన ఒట్టికాళ్లతోని ఆ నిప్పుల మీదికెల్లి నడుస్తడు. వేరే ఊళ్లల్ల రాత్రిపూట నడుస్తరు. మా ఊళ్లె అట్ల కాదు. పీరు చీకట్ల దొంగ లెక్క ఎందుకు నడువాలె, అందరు చూడంగనే నడువాలె అనేటోడు గులాం తాత.

గులాం తాత అంటే మా ఊరి ముజావర్. పీర్లకు రంగుబట్టల దట్టీలు కట్టుడు, ఊదు వేసుడు, కొట్టం తాళపుచెవి, అన్ని ఆయన దగ్గర్నే. పండుగ లేనప్పుడు దూది ఏకి పరుపులు కుట్టేటోడు. కట్టె సంగతి కట్టుబాటు చేసింది ఆయన తండ్రో, తాతనో. అలావల పడే కట్టె ఊరందరిది కావాలె. ఇంటికొక్కటి. ఎక్కువ ఇయ్యద్దు, తక్కువ ఇయ్యద్దు. పటేల్‌కు నలభై ఎకరాలున్నా ఒక్కటే, మాదిగవాడల గుడిసెకు తలుపు లేకున్నా ఒక్కటే. ఆ కట్టెలను ఇల్లిల్లు తిరిగి తెచ్చే పని మాదిగవాడది. మొదట లింబయ్య తండ్రి చేసిండు, తండ్రి పోయినంక లింబయ్య. గులాం తాత లింబయ్యకు మోపు తాడు చేతికిస్తూ చెప్పిన మాట ఒక్కటే అంట: "లింబా, ఒక్క ఇల్లు ఇడిసిపెట్టినా ఆ పీరు ఊరిది కాదు. ఎవడో ఒక్కనిది అయితది."

లింబయ్య ఆ మాటను పట్టుకొని బతికిండు. ఎందుకు అంతగనం పట్టుకున్నడో నాకు చిన్నప్పుడు సమజ్ కాలే. ఒకసారి చెరుకు బండి మీద కూసుండి ఆయననే అడిగిన. ఆయన ఎప్పటిలెక్క నన్ను బాపు అనుకుంట వాపస్ నన్నే అడిగిండు.

"బాపు, మిగిలిన దినాలల్ల పటేలింటికి పోతె నేనేడ నిలవడ్త?"

"గేటు అవుతల."

"అన్నం ఎట్ల పెడ్తరు?"

"పైకెల్లి ఏస్తరు."

"గీ పది దినాలు ఎంకటవ్వ ఎన్క దర్వాజ తీసి, మెట్లు దిగొచ్చి, నా చేతిల కట్టె పెడ్తది. చేతిల. సూసినవా ఎప్పుడన్న?"

చూసిన. ఏటేట చూసేదే. గని ఆయన చెప్పినంకనే చూసినట్టయింది. వెంకటవ్వ అంటే పటేల్ హన్మండ్లు తల్లి. ఊళ్లె అందరికంటె పెద్ద మనిషి, అందరికంటె గట్టి మనిషి. ఆమె సుత ఆ పది రోజులు లింబయ్యను "రా" అనేది, "రారా" అనేది కాదు.

కట్టె తీసుకునేటప్పుడు లింబయ్య ఊకనే తీసుకోకపోయేది. కంకర రాయితోని ఆ కొస నుంచి ఈ కొస దాక కొట్టుకుంట చెవి పెట్టి వినేటోడు. పాత దర్వాజ చెక్కో, బండి పలకో ఇచ్చేటోళ్లుంటరు. అండ్ల ఇనుప మొల ఉంటే సప్పుడు మారుతదంట. ఉన్నదంటే అక్కడనే కూసుండి, పటకారతోని గుంజి, ఇంటోళ్ల చేతిల పెట్టి ముందుకు పోయేటోడు. "కట్టె కాలి బూడిదైతది, మొల కాలి నిప్పైతది. నడిసేటోని పాదం కింద అదొక్కటే సాలు" అనేటోడు. పీరు ఎత్తుకునేది బెస్త ముత్తన్న. లింబయ్య కట్టె వేసినన్ని ఏండ్లు ముత్తన్న కాలికి బొబ్బ రాలే. ఊళ్లె అందరు పీరు మహిమ అనేది. ముత్తన్న గూడ అదే అనేటోడు. లింబయ్య పటకార తుడిచి సంచిల వేసుకునేటోడు.

మొహర్రం ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతది గద. యాభై ఏడుల శ్రావణంల పడ్డదంట. నేను అప్పటికి పాకేటోన్ని, ఈ ముచ్చట మా అవ్వ చెప్పింది. ముసురు వారం రోజులు ఇడువలే. పొయ్యిలకే పొడి కట్టె లేదు. పెద్ద ఇండ్లల్ల అటుకు మీద ఉన్నయి, ఇచ్చిండ్రు. మాదిగవాడల ఇరవై ఇండ్లల్ల ఒక్క ఇంట్ల పొడి పుల్ల లేదు. లింబయ్య తన నులక మంచం ఇప్పి, దాని కోళ్లు, పట్టెలు అన్ని నరికి, ఇరవై ముక్కలు చేసి, ఇంటికొకటి పంచి, మళ్ల ఇల్లిల్లు తిరిగి అవే ముక్కలు అడిగి తెచ్చిండంట. గులాం తాత చూసి నవ్విండంట, నవ్వుకుంట కండ్లు తుడుసుకున్నడంట. లింబయ్య పెండ్లాం పెంటవ్వ ఆ ముచ్చట ఎప్పటికి ఇడువకపోయేది. "పీరుకు మంచమిచ్చి పెండ్లాన్ని బురద మీద పండవెట్టిన మొగోడు జిల్లాల ఒక్కడే ఉంటడు" అని నలుగుట్ల అనేది. లింబయ్య, "నువ్వు మంచం మీదున్నప్పుడు సుత నన్ను కిందనే పండవెట్టినవు గదనే" అనేటోడు.

గులాం తాత అరవై ఆరుల పోయిండు. కొడుకు మజహర్ ముజావర్ అయ్యిండు. ఆ ఏండ్లల్లనే ఊరు మారుడు మొదలైంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు పోసేటోళ్లకు చేతినిండ పని, పొలంల బావి, ఇంటికి పెంకులు. కొందరు ఆడోళ్లు నిజామాబాద్ దిక్కు బీడీల పనికి పోయిండ్రు. లింబయ్య వచ్చి గడప ముందర నిలవడితే, "మళ్ల రా" అనుడు ఎక్కువైంది. చెరుకు చెత్త కట్ట ఇచ్చేటోళ్లొచ్చిండ్రు. "ఇది కట్టె కాదమ్మా, ఇది బుగ్గయితది" అని ఆయన వాపస్ ఇచ్చేటోడు. అయినా మళ్ల పోయేటోడు, మూడుసార్లు పోయేటోడు. తొమ్మిదో దినం పొద్దుమూకేవరకు నూట పన్నెండు తెచ్చేటోడు. డెబ్బై మూడుల సుత తెచ్చిండు. నేను నిజామాబాద్‌ల బిఏ చదువుతున్న అప్పుడు, సెలవుకొచ్చి చూసిన.

చూసి ఊకోలే, అదే నేను చేసిన తప్పు. కాలేజీల మా సారు ఊరి ఆచారాలను కాపాడుకోవాలె అని చెప్పిండు. నాకు రక్తం ఉడికింది. ఊళ్లె పండుగ పల్చబడుతున్నది, జనం తగ్గుతున్నరు, లింబయ్య ఒక్కడు గడపగడపకు తిరిగి బతిమాలుతున్నడు. ఇది ఒక్కని మీద నడిచే పనా అనుకున్న. పదిమందిని జమ చేసి ఉత్సవ కమిటీ పెట్టిన. హన్మండ్లు పటేల్ అప్పటికి సర్పంచ్, ఆయన అధ్యక్షుడు. నేను సెక్రెటరీ.

డెబ్బై నాలుగు జనవరిల పంచాయితీ ఆఫీసుల మొదటి మీటింగ్. మజహర్, ముత్తన్న, మా కమిటోళ్లు లోపల కూసున్నరు. లింబయ్య మెట్ల కాడ నిలవడ్డడు. ఆయనను లోపలికి పిలువాలె అని మాకు ఎవరికి తట్టలే.

పటేల్ అన్నడు: "బోధన్‌ల పాత గోదాం ఒకటి ఇప్పుతున్నరు. దర్వాజలు, దూలాలు, అంత టేకు. లారీ నిండ నేను పంపుత. ఊళ్లె ఎవరికి తిప్పలుండద్దు. జిల్లాల గింత పెద్ద అలావ ఎక్కడ ఉండద్దు."

మొదట చప్పట్లు కొట్టింది నేనే.

మెట్ల కాడి నుంచి లింబయ్య, "దొరా, మరి ఇండ్ల కట్టెలు?" అన్నడు.

"ఇగ అదెందుకురా. గానుగెద్దు లెక్క తిరుగుడు తప్పింది, సంబురపడు."

అందరు నవ్విండ్రు. లింబయ్య గూడ జరంత నవ్విండు, నవ్వకపోతే బాగుండదని. తర్వాత, "పాత దర్వాజలల్ల మొలలుంటయి దొరా. కాలికిందికొస్తయి" అన్నడు.

"ఇగో సెక్రెటరీ ఉన్నడు గద. డిగ్రీ చదువుతున్నడు. నీకున్న తెలివి ఆయనకు లేదా?"

నేను లేచి నిలవడి చెప్పిన. "మొలలు నేను తీయిస్త లింబయ్యా. నా జిమ్మ."

ఆయన నా దిక్కు చూసిండు. "మంచిది బాపు. ఒక్కొక్క చెక్కను రాయితోని కొట్టి సప్పుడు ఇను" అని చెప్పి పోయిండు.

లారీ ఏడో దినం వచ్చింది. నేను ఊళ్లె లేను. నిజామాబాద్‌ల కరపత్రాలు అచ్చు కొట్టిస్తున్న, రిబ్బన్ బ్యాడ్జీలు కొంటున్న, మైక్ సెట్టోనితోని బేరమాడుతున్న. తొమ్మిదో దినం పొద్దుగూకంగ వచ్చేవరకు బ్యాడ్జీలు లేకుంటనే మా కమిటోళ్లు దర్వాజలు నరికి అలావల నిలువెత్తు పేర్చి పెట్టిండ్రు. చూస్తే గుండె నిండింది. మొలల సంగతి యాదికొచ్చింది, రాలేదనను. వడ్ల ఆత్మారాంను పిలిపిద్దామనుకున్న, ఆయన మాక్లూర్‌ల పెండ్లికి పోయిండన్నరు. పేర్చినదంత మళ్ల ఇప్పుడు ఎవరు ఇప్పాలె. టేకు దర్వాజలు గద, కొయ్య చీలలే ఉంటయిలే అనుకున్న. నాకు నేను చెప్పుకున్న మాట అది. అప్పటికి మైకోడు పిలుస్తున్నడు, పోయిన.

కట్టెలకు అంటించే ముందు లింబయ్య వచ్చిండు. నెత్తి మీద మోపు లేదు, సుట్టబట్ట లేదు. సంకల చిన్న కట్ట. వద్దన్నా ఆ మూడు రోజులు ఊరంత తిరిగిండంట. పదకొండు దొరికినయి. మాదిగవాడల ఎనిమిది, గులాం తాత పెండ్లాం మహబూబీది ఒకటి, ఆత్మారాం ఇంటిది ఒకటి, పటేల్ తల్లి వెంకటవ్వది ఒకటి. మా అవ్వ ఇయ్యలే. "లారీ వచ్చింది గదరా" అన్నదంట. పీనాసిదానికి మంచి సాకు దొరికింది.

మహబూబీ కొట్టం గద్దె మీద కూసుండి చూస్తున్నది. "ఏంది లింబా, అప్పుడు మోపులు మోపులు మోస్తుంటివి. ఇవేంది, పండ్లు తోముకునే పుల్లలా?"

"గింతనే ఎల్లినయి అవ్వా."

"వెయ్ బేటా వెయ్. పీర్‌సాబ్ చూస్తుంటడు."

మజహర్ పక్కకు జరిగిండు. లింబయ్య పదకొండు కట్టెలను ఒక్కొక్కటి ఆ దర్వాజల సందుల పెట్టిండు. పెట్టుకుంట దర్వాజ చెక్కను వేలుతోని కొట్టి చెవి ఆనిచ్చిండు. నా దిక్కు చూసిండు. నేను మైక్ వైరు సదురుతున్నట్టు చేసిన.

తెల్లారి పొద్దు ఎక్కినంక జనం గోడల మీద, బండ్ల మీద. చెరుకు బండ్లు సుత ఆగినయి. నిప్పులను పొడుగు కట్టెతోని సాపు చేసుడు ఎప్పుడూ లింబయ్య పనే ఉండె. ఆ ఏడు బ్యాడ్జీలు పెట్టుకున్న కమిటోళ్లు చేసిండ్రు. లింబయ్య డప్పులోళ్లల్ల నిలవడ్డడు. ముత్తన్న పెద్దపీరును ఎత్తుకొని దిగిండు. ఒకటి, రెండు, మూడు అడుగులు మంచిగనే పడ్డయి. నాలుగో అడుగుకు ఆగిండు. ఐదో అడుగుకు మోకాలు వంగింది. మజహర్ ఉరికి పీరును పట్టుకున్నడు, ఇద్దరు కలిసి ముత్తన్నను ఇవుతలికి గుంజిండ్రు. మడిమె నడుమ చిటికెన వేలు పట్టేంత బొక్క, సుట్టు నల్లగ కాలింది.

డప్పులు ఆగినయి.

"అలావల ఏం పడ్డది? నేను పంపింది కాక ఇంకేం వేసిండ్రు?" అని పటేల్ అడిగిండు.

బ్యాడ్జీ పెట్టుకున్నోడు ఒకడు చెప్పిండు. "లింబడు పదకొండు కట్టెలు వేసిండు పటేలా. వాళ్ల వాడల కెల్లి తెచ్చిండు."

ఆ కట్టెలల్ల ఒకటి పటేల్ తల్లి చేతిదే అని లింబయ్య చెప్పొచ్చు. చెప్పలే. ఎనక నుంచి ఎవరో "పీరు మైల పడ్డది" అన్నరు, ఆ మాట గోడల మీద దాక పోయింది. ఇరవై ఏండ్లు అదే వాడ కట్టెల మీద ఆ పీరు నడిచింది. ఆ సంగతి ఒక్కనికి గూడ యాదికి రాలే.

లింబయ్య డప్పు దించి నా దగ్గరికి వచ్చిండు. గట్టిగ అడుగలే. "సిన్నబాపు, మొలలు తీయించినవా?"

అందరు నా దిక్కు చూసిండ్రు. పటేల్ చూసిండు, మా కమిటోళ్లు చూసిండ్రు. మా బాపు గోడకాడ నిలవడి ఉన్నడు. నా అంగికి అందరికంటె పెద్ద బ్యాడ్జి ఉన్నది.

"తీయించిన" అన్న.

"మంచిది బాపు" అన్నడు లింబయ్య.

పంచాయితి ఎక్కువసేపు నడువలే. లింబయ్య ఇగ అలావ దగ్గరికి రావద్దు. మాదిగవాడోళ్లు చావడి మూల కాడనే నిలవడి డప్పు కొట్టాలె. వాడ నుంచి కట్టె రావద్దు. మజహర్ ఒక్కడు, "మా అబ్బాజాన్ గిట్ల పెట్టలేకుండె" అన్నడు గని, ఆయన తమ్మునికి పటేల్ దగ్గర లారీ మీద పని దొరికేది ఉండె, ఆ మాట నోట్లనే మింగిండు. ముత్తన్న సుత లింబయ్యనే తిట్టిండు. ఆరు నెలలు కుంటుకుంట నడిచిండు, నడిచినన్ని దినాలు తిట్టిండు.

పండుగ అయిన మూడో దినం అలావ బూడిద ఎత్తేది ఉంటది. అది మాత్రం లింబయ్యతోనే ఎత్తిపిచ్చిండ్రు. దానికి మైల లేదు.

ఏడాది నేను ఆయనకు ఎదురుపడకుంట తిరిగిన. ఊళ్లెకు వచ్చినా వేరే గల్లీ నుంచి పోయేటోన్ని. మళ్ల మొహర్రం దగ్గరికొచ్చింది, డెబ్బై అయిదు జనవరి. కమిటీ ఇంకా పెద్దగైంది, చుట్టుపక్కల ఊర్ల పెద్దలు వస్తున్నరు. ఒక పొద్దుగాల ధైర్యం చేసి మాదిగవాడకు పోయిన. ఇరవై ఏండ్లల్ల ఆ వాడల లోపటి దాక పోవుడు అదే మొదటిసారి.

పెంటవ్వ వాకిలి ఊడుస్తున్నది. నన్ను చూసి చీపురు ఆపలే. లింబయ్య నీడకు కూసుండి చెరుకు కత్తి నూరుతున్నడు. "రా బాపు" అన్నడు, కూసోమనలే. ఎక్కడ కూసోమంటడు, మంచం లేదు. యాభై ఏడుల నరికిన మంచం మళ్ల చేయించుకోలే.

గోడకు వరుసగ నల్లటి మొలలు కొట్టి ఉన్నయి. ఒకదానికి డప్పు, ఒకదానికి కత్తి ఒర, ఒకదానికి పెంటవ్వ చీర, ఒకదానికి ఉల్లిగడ్డల జాలె. పెద్ద పెద్ద మొలలు, గోదాం దర్వాజలకు కొట్టేటివి. కాలి కాలి నీలంగ మెరుస్తున్నయి.

పెంటవ్వ చూపు నా చూపు ఎనకనే వచ్చింది. "ఏం సూస్తున్నవు? నువ్వు తీయించిన మొలలే. పంతొమ్మిదున్నయి. మా ఇంట్ల సామాన్లు పెట్టుకోను జాగ లేకుండె, పీరు ఇచ్చిండు."

"ఊకోయే" అన్నడు లింబయ్య.

"ఎందుకు ఊకుంట? మంచం ఇస్తివి, పేరు ఇస్తివి. ఇగ ఇయ్యను ఏమున్నది, నా చీరనా?"

"బూడిదల దొరికినప్పుడే పంచాయితిల ఎందుకు చూపియ్యలే?" అని అడిగిన. అడుగుతుంటనే సిగ్గైంది.

లింబయ్య కత్తి నూరుడు ఆపిండు. "నేను సూపిస్తే మొలలు నేనే ఏసిన్నంటరు బాపు. నువ్వు సూపిస్తే మొలలు మొలలే అయితుండె."

ఆయన కోపం మాట అనలే. అన్నా బాగుండు.

"ఈసారి చెప్త. పదో దినం మైకుల చెప్త, అందరి ముందర" అన్న.

"సెప్తవా?"

"చెప్త తాతా." మా ఇంట్ల ఆయనను ఎవరు తాత అనలే. మా అవ్వ "లింబిగా" అనేది, నేను "లింబయ్యా" అంటే అదే ఎక్కువ.

ఆయన కత్తి పదును బొటనవేలుతోని చూసుకున్నడు. "సరే బాపు. సెప్పు. ఆ దినం మాకు వాగు అవుతల చెరుకు కొట్టేది ఉన్నది. గాలి ఇటు దిక్కు ఉంటే మైక్ సప్పుడు వస్తది."

తొమ్మిదో దినం మధ్యాహ్నం పటేలింటి ఎనక గల్లీల పోతున్న. ఎనక దర్వాజ మెట్ల మీద వెంకటవ్వ కూసున్నది. కండ్లు ఇప్పుడు సరిగ ఆనవు. ఒడిల చింత కట్టె ఉన్నది, మంచిది, మూరన్నర పొడుగు.

"ఎవరది? లింబడా?"

"నేను అవ్వా."

"లింబడు రాలేదా ఇంక? ఏడో దినం సంది సూస్తున్న. కోడలు లోపటికి రమ్మంటది. నేను లోపటికి పోతె వాడొచ్చి వాపస్ పోతడని కూసున్న."

ఆమెకు ఇంట్ల ఎవరు చెప్పలే. పంచాయితి చేసిన కొడుకు సుత చెప్పలే. నేను గూడ చెప్పలే. "ఈ ఏడు ఆయనకు పనున్నదవ్వా" అన్న.

"పనా? పీరు పని కంటె పనా?" ఒడిల కట్టెను తడిమింది. "అయితె నువ్వన్న తీస్కపో. మొల లేదు, నేనే సూసిన." చేతిల పెట్టింది. నా చేతిల పెట్టింది. ముసలి చెయ్యి వెచ్చగుండె.

తీసుకొని చావడి దిక్కు నడిచిన. లోపల ఒక్కటే అనుకున్న, ఇది పట్టుకపోయి అందరు చూడంగ అలావల పెడ్త, ఇది ఎవరిదని అడిగితే చెప్త, అక్కడి నుంచే మొలల సంగతి మొదలు పెడ్త. నిజంగనే అట్ల అనుకున్న. చావడి మూలకు తిరిగేవరకు హన్మండ్లు పటేల్ ఎదురొచ్చిండు. ఆయన ఎంబడి వేరే ఊర్ల పెద్దలు నలుగురున్నరు.

"ఇగో మా సెక్రెటరీ. అంత ఈయన నడిపిస్తడు" అని వాళ్లకు చెప్పిండు. తర్వాత నా చెయ్యి దిక్కు చూసిండు. "ఏందది?"

పెద్దలు నవ్వుకుంట నన్ను చూస్తున్నరు.

"ఏం లేదు పటేలా" అన్న. "ఇంటికి. పొయ్యిలకు."

ఇంటికే తెచ్చిన. పొయ్యి కాడ పెట్టిన. తెల్లారి మా అవ్వ దానితోని నీళ్లు కాగబెట్టింది. "ఎక్కడిదిరా గింత మంచి చింత కట్టె, గంటసేపు మండింది" అన్నది. ఆ నీళ్లతోని తానం చేసి, ఇస్త్రీ అంగి తొడుక్కొని, బ్యాడ్జి పెట్టుకొని పోయిన.

ముత్తన్న బదులు కొత్తాయన నడిచిండు. ఈసారి కట్టెలు అడివి నుంచి తెప్పిచ్చిండ్రు, అండ్ల మొలలుండవు గద, ఎవరికి బొబ్బ రాలే. నేను మైకుల ఇరవై నిమిషాలు మాట్లాడిన. హిందువులు, ముస్లింలు అని లేకుంట ఊరంత ఒక్కటై మన ఆచారాన్ని కాపాడుకుంటున్నం అని చెప్పిన. పటేల్ పేరు రెండుసార్లు చెప్పిన. మస్తు చప్పట్లు కొట్టిండ్రు.

వాగు అవుతల ఏం జరిగిందో నాకు అప్పుడు ఎరుక లేదు. ఆ తర్వాత రెండేండ్లు లింబయ్య నాకు ఎదురుపడ్డప్పుడు "బాపు, బాగున్నవా" అనే అడిగిండు, ఇంకొక మాట అడుగలే. ఆయన పోయినంక, పదకొండో దినం పోయి పెంటవ్వ ముందర నిలవడితే ఆమె చెప్పింది.

ఆ దినం గాలి వాళ్ల దిక్కే ఉండెనంట. మైక్ సప్పుడు చెరుకు తోట దాక సాఫ్‌గ వచ్చిందంట. నా గొంతు వినంగనే లింబయ్య కత్తి ఆపి, అందరిని ఊకోమని, గెట్టు మీదికెక్కి నిలవడ్డడంట. మేస్త్రి తిట్టినా దిగలేదంట. ఇరవై నిమిషాలు అట్లనే నిలవడి మొత్తం విన్నడంట. చప్పట్లు వినవడ్డయంట. మైక్ బందైనంక గూడ జరసేపు చూసిండంట, ఇంకేమన్న చెప్తడేమో అని. తర్వాత గెట్టు దిగి చెరుకు కొట్టిండంట.